తువ్వాలు కింద చెయ్యి

చిలకలగూడ ఇళ్ల దలాలు ఇమామ్‌కు నడక రాదు, పరుగే. భుజం మీది ఎర్ర తువ్వాలు వెనకాల ఎగురుతూ వస్తుంది. ఇల్లు చూపించే ముందు తనే గోడకు చెవి ఆనించి తట్టి చూస్తాడు, బావినీళ్లు పుక్కిలిస్తాడు. "గోడను ఎండల గాదు సార్, ముసురుల చూడాలె" అంటాడు. ఒకప్పుడు పశువుల సంతలో దలాలీ చేసినవాడు కనుక ఇళ్ల బేరమూ తువ్వాలు కిందే చేయిస్తాడు. ధర నోటితో చెప్పకూడదు, అతని వేళ్లు నొక్కి చెప్పాలి. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన కొత్తలో అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు లేరు. అలాంటి రోజుల్లో, భయపడి ఊరు విడిచిపోదామనుకున్న దర్జీ ఫకీర్ ఇంటికి రైల్వే గుమాస్తా యేసుదాసు బేరానికి వచ్చాడు. ఇమామ్ కాళ్లు నేల మీద నిలవలేదు.

యేసుదాసు మంచి ధరే నొక్కాడు. ఇమామ్ ఉబ్బిపోతూ తువ్వాలును ఫకీర్ చేతి మీదికి మార్చి ఆ ధరే నొక్కాడు. "చెప్పు భాయ్, జల్దీ!" ఫకీర్ ఒక్క వేలూ నొక్కలేదు. జాతరలో తప్పిపోతానని భయపడే పిల్లాడిలా ఇమామ్ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. గుమ్మంలో అతని భార్య జాన్ బీ కట్టిన మూటల మీద తల వంచుకుని కూర్చుంది. ఇమామ్ ఆ మూటల వంక చూశాడు. తువ్వాలు లాగి గాల్లో తిప్పాడు.

"బేరం లేదు! భాబీ, మూటలిప్పు! పొయ్యి ముట్టియ్యి!"

అప్పుడు వదిలాడు ఫకీర్ ఆ చేతిని.

"అదేమిటయ్యా, మరి నా సంగతి?" అన్నాడు యేసుదాసు తెల్లబోయి.

ఇమామ్ అప్పటికే వీధిలో పరుగందుకున్నాడు. "ఇంకోటి చూపిస్త, రాండ్రి సార్! అమ్మేటోడు చెయ్యి ఇడిసే ఇల్లు!"