వంతగాడు లేని పగిడయ్య

సారపాక దాటాక గోదావరి వైపున్న ఒక మామిడితోటలో మే మొదటివారం మూడు రోజుల జానపద గాన శిబిరం పెట్టారు. చెట్ల కింద నలభై దాకా నీలం గుడారాలు వేశారు. పదమూడో గుడారం ఇద్దరిది. రెండు చాపలు, రెండు దిండ్లు ఇచ్చారు. అందులో ఉన్నది పగిడయ్య ఒక్కడే.

నిర్వాహకుల జాబితాలో 'పగిడయ్య, జంపయ్య బృందం' అని ఉంది. జంపయ్య పోయిన శ్రావణంలో జ్వరంతో చనిపోయాడు. ఆ సంగతి పగిడయ్య చెప్పలేదు. ఒక్కడైతే బృందం కింద లెక్క కాదు, రానివ్వరు. ఫోన్ చేసి అడిగిన అమ్మాయితో "అవ్, ఇద్దరం వస్తం" అన్నాడు.

పగిడయ్యకు అరవై మూడేళ్లు. చర్ల రోడ్డుకు ఆరు కిలోమీటర్ల లోపల అతని ఊరు. ఎండాకాలం తునికాకు కోస్తాడు, వానాకాలం ఎకరంన్నర వరి వేస్తాడు, మిగతా రోజులు కూలికి వెళ్తాడు. ఆ ఊళ్లో అందరి బతుకూ అదే. అతనొక్కడికే వచ్చిన పని కోయ ఇళ్ల వంశకథలు పాడటం. ఏ ఇంటివాళ్లు వేల్పు పండుగ చేసినా డోలు భుజాన వేసుకుని వెళ్లి, మొదటి తాత నుంచి నిన్న పుట్టిన పిల్ల దాకా పేర్లన్నీ వరసగా పాడాలి. పాట సగం కోయలో, సగం తెలుగులో ఉంటుంది. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తొమ్మిది ఇళ్ల కథలు నోటికి వచ్చు.

ఈ పాట ఒక్కరు పాడేది కాదు. పక్కన వంతగాడు ఉండాలి. ప్రతి పేరుకూ అతను 'ఆ' అని రాగం తీస్తే పాడేవాడు తర్వాతి పేరుకు వెళ్తాడు. చూసేవాళ్లకు ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. వంతగాడి అసలు పని నోరు మూసుకోవడం. ఒక పేరు తప్పితే అతను 'ఆ' అనడు. డోలు మోగుతూనే ఉంటుంది, పాట కదలదు. పాడేవాడు వెనక్కి వెళ్లి తప్పిన పేరు తెచ్చుకోవలసిందే.

బావమరిది జంపయ్య ముప్పై ఒక్క ఏళ్లు ఆ పని చేశాడు. పండుగ అయ్యాక కల్లు తాగుతూ అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. "ఏంది బావా, ఇయ్యాల తాత లేకుంటనే తండ్రి పుట్టిండా?" అనేవాడు. పగిడయ్యకు ఒళ్లు మండేది. రెండు రోజులు మాటలుండేవి కావు.

జంపయ్య పోయాక పగిడయ్యను ఎవరూ పాటకు పిలవలేదు. ఈ ఏడు సీతయ్య ఇంటివాళ్లు తొలకరికి ముందు వేల్పు పండుగ పెట్టుకున్నారు. ఆ ఇంటి పెద్ద సీతయ్య కచ్చితంగా చెప్పాడు. "శిబిరంల నువ్వు పాడుతుంటే వచ్చి చూస్త. వంత కుదిరితే నిన్నే పిలుస్తం. లేకుంటే ఇంకో దారి చూసుకుంటం."

మొదటి రోజంతా పగిడయ్య గుడారాలు తిరిగాడు. అందరికీ ఎవరి జత వాళ్లకుంది. భోజనాల దగ్గర బృందాలు గుండ్రంగా కూర్చున్నాయి. అతను కంచం పట్టుకుని ఒక చెట్టు మొదట్లో కూర్చుని, రోడ్డు మీద జామాయిలు కర్రల లారీలు పోతుంటే చూస్తూ తిన్నాడు.

రెండో రోజు పొద్దున పక్క గుడారం బాలి పలకరించింది. అశ్వారావుపేట వైపు తండా నుంచి ఏడుగురు ఆడవాళ్లతో పాడటానికి వచ్చిన మనిషి, యాభై దాటింది.

"ఏందన్నా, ఇద్దరి గుడారంల ఒక్కనివే రాజ్యమేలుతున్నవ్? నీ జతగాడేడి?"

"పోయిండు."

"ఏడికి?"

పగిడయ్య చెయ్యి పైకి చూపించాడు. బాలి నాలుక కరుచుకుంది.

"పది గంటలకు నా పాట. వంత లేదు. నువ్వు పడతవా చెల్లె?" అని అతనే అడిగాడు.

"మీ మాట నాకు ఒక్క ముక్క రాదు. నువ్వు నన్ను తిట్టినా ఆ అంట."

"ఆ అంటే సాలు."

"గంతేనా? గట్లయితే మా ఆయనను తోలుకొస్తుంటి. ఇంట్ల నేనేమన్నా గాయిన ఆ అనుడే."

శిబిరానికి వచ్చాక పగిడయ్య నవ్వడం అదే మొదలు.

పది గంటలకు వేదిక ఎక్కారు. బాలి గొంతు గట్టిది. ఆమె రాగం తీస్తుంటే ఎండలో కూర్చున్న జనం లేచి దగ్గరకు వచ్చారు. ఊపు చూసి పగిడయ్య డోలు వేగం పెంచాడు. పది నెలల తర్వాత పాడుతున్న పాట అది, సీతయ్య ఇంటి కథ. మాసడి పేరు చెప్పాడు, ఆ అంది. జోగడి పేరు చెప్పాడు, ఆ అంది. ఇంకో రెండు పేర్లు పాడాక అతని చెయ్యి ఆగిపోయింది. మాసడికి, జోగడికి మధ్య కోసడు ఉండాలి. కోసడు రాలేదు.

వెనక్కి వెళ్దామని నోరు తెరిచాడు. డోలు ఆగేసరికి పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. వ్యాఖ్యాత మైకు అందుకుని తర్వాతి బృందాన్ని పిలిచాడు. బాలి అందరికీ దండం పెట్టింది.

సీతయ్య ఫోన్ చేతిలో పట్టుకుని గుడారం దగ్గరకు వచ్చాడు.

"మస్తుగ పాడినవ్ మామా. పండుగకు గీ ఆడమనిషినే తోలుకరా."

"ఒక పేరు పోయింది సీతయ్యా."

"ఎవరిది?"

"కోసడు. నీ తాతకు తాత."

"నాకైతే తెలువనే లేదు."

"గదే చెప్తున్న. నీకు తెలువలే, ఆమెకు తెలువలే. ఏరు పొంగి పాత ఊరు పోతే మిమ్ముల మిట్ట మీదికి తోలుకొచ్చిన మనిషి ఆయన. నువ్వు పండుకునే జాగ ఆయన చూపిందే."

"అయితే పండుగనాడు జాగ్రత్తగ పాడు, అయిపాయె."

"ఇయ్యాల గూడ జాగ్రత్తగనే పాడిన. మా కథ తెలిసిన వంత దొరికేదాక ఇగ నేను పాడ."

సీతయ్యకు కోపం రాలేదు. ఫోన్ తిప్పి చూపించాడు. "గట్లయితే గిది పెడతం, పెద్ద స్పీకర్ల. మొత్తం రికార్డు చేసిన."

"తీసెయ్."

"మా ఇంటోళ్ల గ్రూపుల పెట్టేసిన మామా. నూట నలభై మంది ఉన్నరు. అప్పుడే ఇంటున్నరు."

పగిడయ్య చాప మీద కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్ ఇటు పట్టమన్నాడు. డోలు లేకుండా, మాసడు, మాసడి కొడుకు కోసడు, కోసడి కొడుకు జోగడు అని మూడు పేర్లు పాడాడు. పదకొండు సెకన్లు పట్టింది. సీతయ్య దాన్నీ పంపాడు. ముగ్గురు బొటనవేలి బొమ్మ పెట్టారు. ఈ ముక్క ఎందుకని ఎవరూ అడగలేదు.

పగిడయ్య మూడో రోజు దాకా ఉండలేదు. మధ్యాహ్నం చర్ల బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని సీతయ్య ఇంటి కథ మొదటి తాత నుంచి గొంతు లోపలే పాడుకున్నాడు. కోసడు తన చోట తాను వచ్చాడు. అతనికి ముందో వెనకో ఇంకెవరైనా తప్పిపోయారేమో పగిడయ్యకు తెలియలేదు. దుమ్ముగూడెం దాకా రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు.