పెద్దమ్మ పగటి కునుకు

మా పెద్దమ్మ పోయింది. సూర్యాపేటలో తన కుట్టుమిషన్ పక్కన, చాప మీద మధ్యాహ్నం పడుకున్నది మళ్లీ లేవలేదు. కబురు తెలిసి మిర్యాలగూడ నుంచి అమ్మా నేనూ బయల్దేరేలోపే బంధువుల గ్రూపులో మా మామ కారణం కూడా తేల్చేశాడు. "పగటి నిద్ర మంచిది కాదని అక్కకు ఎన్నిసార్లు చెప్పిన." గుండె ఆగిందన్న డాక్టర్ మాటను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. డిగ్రీ పూర్తి చేశాను, మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నిద్రపోతాను. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుందని సవినయంగా మనవి.

పెద్దమ్మ ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టేది. అన్నం తిన్నాక షట్టర్ సగం దించి, మిషన్‌కు నూనె వేసి, చాప పరిచేది. "మిషన్‌కు నూనె పోస్తే ఎవ్వరేమనరు. నేను కాళ్లు సాపితే ఊరందరికీ నొప్పి," అనేది. ఎవరో ఒకరు షట్టర్ కింద నుంచి తల దూర్చేవారు.

"అక్కా, పన్నవా?"

"ఆ, పన్న."

"మరి మాట్లాడుతున్నవ్?"

"నిద్రల మాట్లాడుడు నాకలవాటు. నాలుగింటికి రా."

పరీక్షల సెలవుల్లో నేను లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే, దాని మీద జాకెట్ గుడ్డల కుప్ప పోసి నన్ను పక్కన పడుకోబెట్టేది. "కండ్లు మూస్కో కొడుకా. నిద్ర రాకున్నా సరే, పని రాకుంటే సాలు." నేను చదివిన చదువులో ఇంత పనికొచ్చే పాఠం ఇంకొకటి దొరకలేదు.

ఈ పెళ్లిళ్ల సీజన్‌లో కోదాడలో ఒక చీరల కొట్టువాళ్లు కుట్టడానికి జాకెట్ గుడ్డలు మూటలుగా ఇస్తామన్నారు. పెద్దనాయన ఒప్పుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఉత్సాహవంతుడు. అది ఇంకా ప్రమాదం. మూటలు ఆయనే బండి మీద తెచ్చేవాడు. మధ్యాహ్నం షట్టర్ కూడా ఆయనే పైకెత్తేవాడు. "సీజన్ అయినంక కడుపునిండ పండుకో," అన్నాడట. చాప చుట్టుకుని బీరువా మీదికెక్కింది. "సీజన్ ఎప్పుడయితదో ఎవరికి తెల్వదు చెల్లే," అని పెద్దమ్మ ఫోన్లో అమ్మతో నవ్వింది.

పెద్దమ్మ పోయిన రోజు, ఛాతీ బరువుగా ఉందని ఆమే చాప దించుకుంది. ఎన్నో వారాల తర్వాత అదే మొదటి కునుకు. "జరసేపే గదా, జల్ది లే," అన్నాడట పెద్దనాయన. ఆమెను పడుకోనివ్వని రోజులన్నీ వదిలేసి, పడుకున్న ఆ ఒక్క పూట మీద నేరం మోపిన మా బంధువులకు నా నమస్కారాలు.

మూడో రోజు ఊరి బయట పెద్దమ్మ పేరున పిట్టకు పెట్టాం. అన్నం, కోడికూర, చాయ్ విస్తరి మీద ఉన్నాయి. పారేయడానికి తెచ్చిన ఆమె చాప పక్కనే వేపచెట్టు కింద ఉంది. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు కోరిక మిగిలిందంటారు. అందుకని పెద్దనాయన చేతులు జోడించాడు.

"కోదాడ జాకెట్లన్నీ టైముకు ఇప్పిస్త. ఫికర్ చెయ్యకు."

కాకి అవతలి తీగ మీదికి పోయింది.

మామ ఫోన్లో టైము చూసుకున్నాడు. "అక్కా, జల్ది ముట్టు. నాకు మునగాలల పనుంది."

చచ్చినా ఆమెకు తొందర తప్పలేదు.

ఆమె పోయినప్పటి నుంచి కన్ను మూయని పెద్దనాయన వేపచెట్టు కింద ఆ చాప మీద కూలబడ్డాడు. తువ్వాల మొహం మీదేసుకుని అలాగే ఒరిగిపోయాడు. కాసేపటికి గురక మొదలైంది. కాకి దిగింది, అటూ ఇటూ చూసి ఒక ముక్క అందుకుంది.

"బావా, లే, ముట్టింది సూడు," అంటూ మామ వంగాడు.

అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "లేపకు. పండనియ్యి."

కాకి తాపీగా తింటూనే ఉంది. పెద్దమ్మ చాప మీద పెద్దనాయన గురక పెడుతూనే ఉన్నాడు.