మామ చేసిన చేతులు

మా మామ పోయాడని పులివెందుల నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ప్రొద్దుటూరులో, మా షాపులో, మిల్లింగ్ మెషిన్ ముందు నిలబడి ఉన్నాను. "మధ్యాన్నం అన్నం తిని పండుకున్న్యాడక్కా, మల్ల లేయల్యా" అంది ఆ పిల్ల. నేను వెంటనే మెషిన్ ఆపలేదు. కోత సగంలో ఆపితే ముక్క మీద గీత పడిపోతుందని నాకు నేర్పింది ఆయనే. ఆ కోత పూర్తయ్యేదాకా చూసి, స్విచ్ ఆపి, స్టూలు మీద కూలబడి ఏడ్చాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. జమ్మలమడుగు రోడ్డులోని ఇదే వర్క్‌షాపులో ఇనుప ముక్కలను కట్టర్‌తో కోసి చెక్కే మిల్లింగ్ పని చేసేవాడు. నాపరాళ్లకు పాలిష్ పట్టే యంత్రాల పళ్లచక్రాలు, శనక్కాయల నూనె మిల్లుల ఇరుసులు, బోరు మోటార్ల సామాన్లు ఆయన చేతి మీదుగానే పోయేవి. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, కట్టర్ చప్పుడు వింటూ, అప్పుడప్పుడూ కళ్లు మూసుకునేవాడు. చిన్నప్పుడు నేను ఆయనకు అన్నం క్యారియర్ తీసుకుపోయి, ఆ మూసిన కళ్లను చూసి దేవుడికి దండం పెట్టుకుంటున్నాడేమో అనుకునేదాన్ని.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఒక ఎన్నికల ఏడాది, జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో రాళ్ల ఫ్యాక్టరీకి సామాను బిగించి, తిరుగు బస్సు కోసం టీ బంకు దగ్గర నిలబడ్డాడు. ఒక పార్టీ వాళ్ల జీపు వచ్చింది. దాని మీదికి విసిరిన బాంబు గురి తప్పి బంకు ముందు పడింది. మామ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆస్పత్రిలో ఆయన కళ్లు తెరిచేసరికే రెండు పార్టీల వాళ్లూ వరండాలో ఉన్నారు. ఒకరు వచ్చి, "ఆ నాకొడుకుల పేర్లు చెప్పు చాలు, నీ సంసారం మేం చూసుకుంటాం" అన్నారు. వాళ్లు పోయాక రెండోవాళ్లు వచ్చి, "వాళ్ల బాంబే వాళ్ల జీపులో పేలిందని చెప్పు" అన్నారు. మా అమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మామ అందరికీ ఒకటే చెప్పాడు. "అప్పా, నేను చూసింది పొగ. మనుషులు నాకు కనపళ్యా." నిజంగా కనపడలేదా అని ఆయన్ను మేమెప్పుడూ అడగలేదు. పేరు చెప్పి ఉంటే ఇంకో ఇల్లు కాలేది, దానికి బదులు మా ఇల్లు కాలేది. అంతవరకు మాత్రం మా అందరికీ తెలుసు.

తర్వాత చాలా ఏళ్లు ఆయన షాపు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చిన ముక్కల కొలతలు ఎడమచేత్తో సరిచూసేవాడు. అంతే పని. మాటలు తగ్గిపోయాయి.

నేను మెకానికల్ డిప్లొమా ముగించి ఇంట్లో ఉన్నప్పుడు, షాపు ఓనరు బెంగళూరులో మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్ కొనుక్కొచ్చాడు. బిగించడానికి వచ్చినాయన హడావుడిగా నాలుగు ముక్కలు చెప్పి వెళ్లిపోయాడు. ఎవరికీ నడపడం రాక మెషిన్ మీద పట్ట కప్పారు. ఒకరోజు పొద్దున్నే మామ మా ఇంటికొచ్చాడు.

"పాపా, నీకు కంప్యూటరొచ్చు. నాకు ఇనుమొచ్చు. ఇద్దరం కలిస్తే దాన్ని లేపుదాం, రా."

"నాకు ఆ సాఫ్ట్‌వేర్ రాదు మామా."

"నాకు మాత్రం వస్తాదా? నేర్చుకుందాం."

దాన్ని క్యామ్ అంటారు. చేయాల్సిన ముక్క బొమ్మ తెర మీద ఉంటుంది. ఏ కట్టర్ వాడాలో, ఎంత వేగంతో తిరగాలో, ఎంత లోతు తీయాలో మనం చెబితే, కట్టర్ నడవాల్సిన దారి అది గీసి ఇస్తుంది. ఆ దారినే అంకెలుగా మార్చి మెషిన్‌కు ఇవ్వాలి. మొదటిసారి తెర మీద నీలం గీతల దారి పుట్టినప్పుడు మామ కుర్చీలోంచి లేచాడు. ఎడమచేత్తో మౌస్ పట్టుకుని, బొమ్మను అటూ ఇటూ తిప్పి, కిందినుంచి కూడా చూశాడు. "ఇన్నేండ్లు నేను చేత్తో తిప్పింది ఈ దావే గదా పాపా. కంటికి కనపడ్డం ఇదే మొదులు" అన్నాడు. ఆయన గొంతు అలా నేనెప్పుడూ వినలేదు.

ఇనుము పెట్టకముందు కట్టర్‌ను పైకెత్తి, వట్టి గాలిలో మొత్తం కోత నడిపించాం. అది అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా, ఏమీ లేని చోట శ్రద్ధగా తిరుగుతుంటే ఓనరు నవ్వాడు. మామ నవ్వలేదు. కోత ముగిసేదాకా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ముక్క పెట్టి నడిపితే కట్టర్ విరిగింది. ముక్కను పట్టుకునే బిగింపు ఎంత ఎత్తుందో నేను తెర మీద చెప్పలేదు. నేను భయపడి ఆయన వైపు చూస్తే, "తెర మీద లేనిది దానికి లోకంలో లేనట్లే. అన్నీ చెప్పల్ల దానికి" అన్నాడు. ఆ మాట ఇప్పుడు నేను షాపులో పనికి చేరిన పిల్లలకు నేర్పేటప్పుడు చెబుతుంటాను.

పని పట్టుబడ్డాక ఒకరోజు ఆయన తన ఎడమచేతిని కాగితం మీద పెట్టి, చుట్టూ నన్ను గీత గీయమన్నాడు. ఆ గీతను తెర మీద తిరగేసి కుడిచెయ్యిగా మార్చాం. అల్యూమినియంతో రెండు వేళ్లూ ఒక బొటనవేలూ చేశాం. భుజం కదిలిస్తే తీగ లాగి వేళ్లు తెరుచుకుంటాయి, వదిలితే మూసుకుంటాయి. వేళ్ల వంపులు మొదట మెట్లు మెట్లుగా వచ్చాయి. గుండ్రటి మొన ఉన్న కట్టర్‌తో, దగ్గర దగ్గరగా గీతలు పెట్టి మళ్లీ కోస్తే నున్నగా వచ్చాయి. తోలు పట్టీలు చెప్పులు కుట్టే ఆయన కుట్టిచ్చాడు. మామ దాన్ని తొడుక్కుని, షాపు మూలనున్న పాత మెషిన్ దగ్గరికి నేరుగా నడిచి, దాని చక్రం పట్టుకుని తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు.

కబురు పల్లెలకు పాకింది. మా వైపు చేతులు పోయిన మగవాళ్లు తక్కువేం కాదు. చాపాడు నుంచి, లింగాల నుంచి, జమ్మలమడుగు పల్లెల నుంచి రావడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఎదురుపడితే కొట్టుకు చచ్చే రెండు పార్టీల వాళ్లు మా బల్ల మీద పక్కపక్కనే, ఖాళీ చొక్కా చేతులు వేలాడేసుకుని కూర్చునేవారు. మొదట్లో మాటలుండేవి కావు. తర్వాత ఒకరి బీడీ ఒకరు అంటించేవారు. ఒక నాయకుడు ఈ చేతులను సభలో తన చేత్తో పంచుతానని కబురు పంపాడు. "చెయ్యి కావాల్సినోడు ఈడికొస్తాడు, నేను ఆడికి రాను" అని మామ కబురు తెచ్చినవాడికి టీ ఇప్పించి పంపేశాడు.

ఒకరోజు జమ్మలమడుగు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు చేతుల్లో ఒకటి లేదు. బాంబు చుడుతుంటే పోయిందట. మామ ఎదుట కూర్చోగానే చెప్పడం మొదలుపెట్టాడు.

"నేనెవురో నీకు తెలీదు. ఆ పొద్దు టీ బంకు కాడ..."

మామ టేపు సాగదీశాడు. "చెయ్యి చాపప్పా. కొలత తీసుకోవల్ల."

"ముందు నా మాట ఇను."

"కదలాకప్పా. కొలత తప్పితే పట్టీ కోసుకుంటాది."

ఆ పెద్దాయన ఏడుస్తూనే చెయ్యి చాపాడు. బాంబు వేసింది ఆయనేనా, వెంట ఉన్నవాడా, నాకు తెలియదు. మామ ఆ మాట పూర్తి కానివ్వలేదు. తీసిన కొలతనే రెండోసారి తీశాడు. ఆయన కోసం చేసిన చెయ్యిని మాత్రం నన్ను ముట్టనివ్వలేదు. తెర మీద దారులన్నీ తానే గీశాడు, అంచులన్నీ తానే నునుపు పట్టాడు. అంత బాగా అమరిన చెయ్యి మా షాపులో ఇంకోటి తయారు కాలేదు.

మొన్న పులివెందులలో మట్టి చేసేటప్పుడు ఆ పెద్దాయన వచ్చాడు, ఇంకా చాలామంది వచ్చారు. ఎవరి జెండా ఎవరూ తేలేదు.

నేను ఆయన్ను చివరిసారి చూసింది ఆ ముందు నెలలో. చివర్లో ఆయన ఉంటున్న కూతురింటి వెనక శనక్కాయ పీకేసిన చేను ఉంది. సాయంత్రం ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఎవరిదో గొర్రెల మంద చేన్లోకి దిగింది. గొర్రెలు ఒక అంచు పట్టుకుని మేసుకుంటూ పోయి, గట్టు రాగానే మళ్లి, మేయకుండా విడిచిన పట్టీ వెంట, తెర మీది కట్టర్ దారిలాగే తిరిగి వస్తున్నాయి. మామ మాటల మధ్యలో ఆగిపోయాడు. ఆ రోజు వట్టి గాలిలో కోత చూసినప్పటిలాగే నోరు కొంచెం తెరుచుకుంది.

"మలుపు చూడు పాపా" అన్నాడు మెల్లగా. "ఎంత నున్నగా తిరుగుతాండాయో."

గొర్రెలు దుమ్ములో ఎర్రగా కలిసిపోతున్నాయి. ఆయన ఎడమచేతి చూపుడువేలు మోకాలి మీద, వాటితోపాటే, చేను ఈ అంచు నుంచి ఆ అంచుకు నడుస్తూ ఉంది.