కట్టెబారిన నాలుక

మైసూరు మహారాజుల కాలం. నేను నిడుగల్లు కొండ కింది పల్లెకు కోడలిగా వచ్చిన మరుసటి ఏడు వానలు పడలేదు. వాములో చొప్ప అయిపోయింది. మా మామ నాగజెముడు నరికి తెచ్చి, మంటలో ముళ్ళు కాల్చి, ముక్కలు చేసి ఎద్దులకు వేసేవాడు. ఆ పనిలో నేనూ చేయి కలిపేదాన్ని. ఎంత జాగ్రత్తగా కాల్చినా ఎక్కడో ఒక ముల్లు మిగిలేది.

మాకున్న ఎద్దుల జత బావి దగ్గర కపిల లాగేది. ఆ తోలుబాన పైకొస్తేనే మా రాగిమడికి నీళ్ళు. ఒకరోజు పొద్దున ఎర్రెద్దు మేత ముందర నిలబడిపోయింది. ఆకలి లేక కాదు. మూతి దించుతుంది, పెదవులతో తోస్తుంది, ఏదీ నోట్లోకి పోదు. నీళ్ళతొట్టిలో మూతి ముంచి, తాగలేక అట్లాగే ఉండిపోయింది. చొంగ తీగలు తీగలుగా నేలదాకా సాగింది. నాలుక కొస బయటికి పొడుచుకొచ్చి, లోపలికి పోవడం లేదు.

పక్కింటి పెద్దాయన గోడ మీదుగా తొంగి చూశాడు. "గాలికుంటప్పా అది. మందలోకి తోలొద్దు."

మామ ఎద్దు కాళ్ళెత్తి గిట్టల సందుల్లో చూశాడు. "గాలికుంటయితే కుంటాల గదన్నా? ఈడ పుండే లేదు. ఇది ఇంకేందో."

అత్త ఉప్పూ పసుపూ నూరి నాలుకకు పూసింది. నేను తల ఎత్తి పట్టుకుంటే మామ వెదురుగొట్టంతో పలచటి రాగి అంబలి పోసేవాడు. సగం బయటికే కారిపోయేది. పక్కటెముకలు బయటపడ్డాయి. దవడ కింద నిమ్మకాయంత గడ్డ తేలింది.

అంతలో, గొడ్లను మందలు మందలుగా చంపే పెద్దరోగం రాకుండా సూదులు వేయడానికి పావగడ నుంచి గొడ్ల డాక్టరు నిడుగల్లుకు వచ్చినాడని తెలిసింది. మామ ఎద్దును మెల్లగా నడిపించుకుని బయల్దేరాడు. నేను దగ్గరుంటే అది బెదరదని నన్నూ రమ్మన్నాడు.

డాక్టరు కన్నడం మనిషి. మా సీమలో తిరిగి తిరిగి మా మాటే నేర్చుకున్నాడు. దవడ పక్కనుంచి చేయి దూర్చి నాలుకను పట్టుకున్నాడు. కొసనుంచి మొదలుదాకా నొక్కి చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "ఈడికి రామ్మా. నువ్వూ పట్టుకొని చూడు" అన్నాడు.

భయపడుతూనే చేయి పెట్టాను. అది మాంసంలా లేదు, రోకలిని పట్టుకున్నట్టుంది. నా వేళ్ళకు దాని ఊపిరి వెచ్చగా తగులుతోంది, చేతిలో ఉన్నదేమో కట్టె.

"ఇదే గుర్తు," అన్నాడాయన. "గాలికుంటులో నాలుక పొక్కుతాది గానీ ఇట్ల గట్టిపడదు. ఏం మేపినారు?"

"నాగజెముడు, సామీ. కాల్చే ఏసినాం," అన్నాడు మామ.

"ఆ ముల్లే గుచ్చుకొనుంటాది."

గడ్డకు చిన్న గాటు పెట్టి, వచ్చిన చీమును గాజుముక్క మీద నీళ్ళతో కడిగి ఎండకు పట్టాడు. సన్నటి రవ్వలాంటి గింజలు మిగిలాయి. "కంటికి కనపడని పురుగులమ్మా ఇవి. ఒక్కో గింజలో ఒక ఊరంత ఉంటాయి. మంచి గొడ్డు నోట్లోనూ ఉంటాయి, ఏమీ చేయవు. ముల్లు దారి చేసిందంటే లోపలికి దూరి ఇట్ల కట్టె చేస్తాయి."

నేను ఆ గాజుముక్క మీదినుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. కొండంత ఎద్దు గడ్డిపరక కూడా అందుకోలేకుండా చేసింది ఈ రవ్వేనా! ఇన్నాళ్ళూ ప్రతి గొడ్డు నోట్లో, మా దొడ్లో, నా చేతుల కిందే ఇంత లోకం ఉందా!

ఆయన చీమును గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మంటలో కాల్పించాడు. నాలుకకు ఎర్రటి అయోడిన్ మందు పూశాడు. ఉప్పులా తెల్లగా ఉన్న ఇంకో మందు ఇచ్చి, నీళ్ళలో కలిపి రోజూ గొట్టంతో తాపమన్నాడు. "కండ్లలో నీళ్ళు కారి, ఒంటి మీద పొట్టు రాలితే మందు ఎక్కువైందని గుర్తు. కొన్నాళ్ళు ఆపండి. చూడి ఆవుకు మాత్రం ఇది తాపొద్దు."

ఇంటికొచ్చి అట్లాగే చేశాం. రోజూ మందు తాపేముందు నేను నాలుక ముట్టి చూసేదాన్ని. మొదట ఏ మార్పూ లేదు. మామ నా ముఖం చూసి గొట్టం అందుకునేవాడు. తర్వాత చొంగ తగ్గింది. ఒకరోజు నాలుక అంచు నా వేళ్ళ కింద రవంత వంగింది. "మామా, వంగుతాండాది!" అని అరిచాను. ఆయన గబగబా వచ్చి తానూ ముట్టి చూసి, రెండు చేతులూ ఎత్తి కొండకు దండం పెట్టాడు.

కళ్ళ నీళ్ళు కారినప్పుడు మందు ఆపాం, మళ్ళీ మొదలుపెట్టాం. నాలుక కొస కొంచెం మొద్దుగానే ఉండిపోయింది గానీ, తక్కినదంతా మెత్తబడింది.

మామ ఎక్కడినుంచో పిడికెడు పచ్చగడ్డి తెచ్చాడు. ఎర్రెద్దు మూతి చాపింది. నాలుక బయటికొచ్చి, పరకల చుట్టూ తిరిగి, మెలేసి, లోపలికి లాక్కుంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, అయినా ఎన్నడూ చూడనిదానిలా నిలబడిపోయాను. పగలంతా కూర్చోవడం ఎరగని మా అత్త పేడచేతులతోనే కొట్టంలో చతికిలబడింది.

"చూడమ్మా, ఎట్ల చుట్టుకుంటాండాదో," అంది. గడ్డి అయిపోయేదాకా ఇద్దరం అక్కడినుంచి కదల్లేదు.