ఒక్క చేతి గోరింటాకు

పలాసలో నేను పాఠం చెప్పే బడికి ఈమధ్యే గోడంత టీవీ ఒకటి వచ్చింది. తొమ్మిదో తరగతికి రెండో ప్రపంచయుద్ధం చెప్పాలి. నేను చెబితే పిల్లలు ఆవలిస్తారు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకని ఒక విదేశీ సినిమా తెచ్చి వేశాను. వాళ్ళకి ఆ భాష రాదు కాబట్టి పక్కన నిలబడి, కింద పడే అక్షరాలు చదువుకుంటూ తెలుగులో చెప్పుకుపోయాను.

కథ చిన్నదే. ఇద్దరు అమ్మాయిలు, ఒకే బెంచీ. ఒకతె యూదుల పిల్ల. ఊళ్ళోకి సైనికులు దిగుతారు. యూదుల ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటాయి. బళ్ళో మాత్రం నాటకం ఆగదు, ఇద్దరికీ వేషాలున్నాయి. ఆ రోజు ఒక సైనికాధికారి తెర వెనక్కి వచ్చి, కిరీటం పెట్టుకున్న యూదుల పిల్లని చూపించి రెండో పిల్లని అడుగుతాడు, ఈమె ఎవరని. ఆ పిల్ల, మా చెల్లెలు అంటుంది. ఆ ఒక్క మాటతో ఇద్దరూ స్టేజీ మీదికి వెళ్తారు.

క్లాసంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, మీరైతే ఏటని సెప్పుందురు?"

"నేనూ అదే చెప్పేదాన్ని," అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మళ్ళీ చప్పట్లు, ఈసారి నాకు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ ప్రశ్న నన్ను ఒకసారి నిజంగానే అడిగారు. అప్పుడు నేనేం చెప్పానో నాకు బాగా గుర్తుంది.

నేను పుట్టి పెరిగింది పలాసలోనే. నాన్న ఆఫీసులో గుమాస్తా, తాతగారు గుడిలో అర్చకులు. నేను ఏడో తరగతిలో ఉండగా వార్షికోత్సవానికి మా తెలుగు మాస్టారు సొంతంగా ఒక నాటకం రాశారు. ఒక రాణి, ఒక చెలికత్తె, ఒక దొంగ మంత్రి. రాణి వేషం నా పక్కన కూర్చునే స్నేహితురాలికి ఇచ్చారు. ఇవ్వక చస్తారా, ఆమె నోరు విప్పితే వరండాలో పోయేవాళ్ళు కూడా ఆగిపోయేవారు. నాది చెలికత్తె వేషం. రాణిగారికి చెంబుతో నీళ్ళందించి "చిత్తం" అనడమే నా పని.

వాళ్ళ ఇల్లు రైలుగేటు అవతలి వీధిలో. ఆ రోజుల్లో వీధి చెబితే చాలు, కులం వేరే అడగక్కర్లేదు. వాళ్ళమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది, బడి వదిలాక ఈమె కూడా వెళ్ళేది. బూడిద రాసుకున్నా పిక్క పెంకులోంచి కారే జీడి ఊరుకోదు, చర్మాన్ని కాల్చేస్తుంది. సుత్తి పట్టే కుడిచెయ్యి కాస్త నయం. పిక్కని పట్టుకునే ఎడమచేతి వేళ్ళు మాత్రం నల్లబడి, చర్మం పొరలు పొరలుగా ఊడేది.

మేం మాటలు వల్లించుకునేది మా ఇంట్లో. మొదటిరోజే మా నాయనమ్మ "ఎవరమ్మాయే?" అని అడిగింది. "పోస్టాఫీసు వెనకాల వాళ్ళమ్మాయి" అనేశాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం. ఆమె మా ఇంటికి రావాలనే ఆడాను, అందులో కల్మషం లేదు. అక్కణ్ణుంచి పదిరోజులూ నాయనమ్మ ఆమెని నడవాలో కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని అటుకులు పెట్టింది. ఆమె ఎడమచెయ్యి పరికిణీ మడతల్లో దాచుకుని తినేది.

నాయనమ్మకి ఆమె మీద మోజు పుట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. పెట్టెలోంచి తన పెళ్ళినాటి పట్టుచీర తీసి ఆమె భుజాన వేసి చూసుకుని, "రాణంటే ఇదేనే. నువ్వు చెంబు మొయ్యడానికి సరిపోతావులే," అని నన్ను ఆటపట్టించింది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ కుళ్ళుకున్నాను. ఆ చీర మడత నాకు ఎన్నడూ విప్పి చూపించలేదు.

నాటకానికి ముందురోజు సాయంత్రం నాయనమ్మ గోరింటాకు రుబ్బింది. నల్లటి వేళ్ళు ఆ ఎరుపులో కలిసిపోతాయని నేనే పోరి రుబ్బించాను. స్నేహితురాలికి కుడిచేతికి పెట్టడం అయింది. నాయనమ్మ ఎడమచెయ్యి అందుకుని, వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఏవిటే అమ్మా ఈ వేళ్ళు?"

ఆమె నా వైపు చూసింది. జీడిమామిడి కాపుకొచ్చిందంటే మా ఊళ్ళో ఏ పిల్ల చేతులైనా అలాగే ఉంటాయి. పచ్చి పిక్కలతో ఆడి మూతులు కాల్చుకునేవాళ్ళూ ఉంటారు. తోటలో జీడి అంటుకుందంటే నాయనమ్మ కాస్త కొబ్బరినూనె రాసి, నాలుగు తిట్టి వదిలేసేది. స్నేహితురాలు ఆ మాటే మొదలుపెట్టింది కూడా.

"తోటల పళ్ళు కోత్తంటే..."

"కాదు," అన్నాను నేను. "ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. వీళ్ళది గేటు అవతల."

ఎవరూ అరవలేదు. నాయనమ్మ ఆ చెయ్యి నెమ్మదిగా వదిలేసింది. "ఇంటికెళ్ళమ్మా, మీ అమ్మ చూస్తుంటుంది," అని గోరింటాకు గిన్నె అక్కడే ఉంచేసి, నూతి దగ్గరికి స్నానానికి వెళ్ళిపోయింది. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కానీ పోయినావిడ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఆవిడకి చెప్పింది నేను. స్నేహితురాలు కుడిచెయ్యి ఎత్తిపట్టుకుని, ఎడమచేత్తో తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

బడికి హాలు లేదు కాబట్టి నాటకం గుడి కల్యాణమండపంలో. పొద్దున్నే తాతగారు మాస్టారిని పిలిచి మాట్లాడారు. మాస్టారు తలవంచుకుని వచ్చి రాణి వేషం నాకిచ్చారు. పదిరోజులుగా వింటున్నదాన్ని, మాటలన్నీ నాకు నోటికొచ్చు. పట్టుచీర కట్టారు. ఏడవాల్సింది పోయి, అద్దంలో నన్ను నేను చూసి మురిసిపోయాను.

చివర్లో మంత్రిని నిలదీసేచోట మాట మరిచిపోయాను. నోరు తెరుచుకుని నిలబడ్డాను. అప్పుడు పక్కగోడ కిటికీ అవతలి నుంచి ఆ మాట వచ్చింది, మెల్లగా, స్పష్టంగా. తల తిప్పకుండానే ఎవరో తెలిసింది. అందుకుని చెప్పాను. తర్వాతి మాటా ఆమే అందించింది, ఆ తర్వాతదీ. జనం ఒకటే చప్పట్లు. నేను ఆమెకి క్షమించమని చెప్పలేదు, బాగా అందించావని కూడా చెప్పలేదు. ఎనిమిదో తరగతికి ఆమె రాలేదు.

కొన్నేళ్ళ క్రితం టెక్కలిలో పలాస బస్సెక్కితే వెనక సీట్లో ఆమె కనిపించింది. గుర్తుపట్టి కూడా మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆమే లేచి వచ్చింది.

"పోల్చినావేటి నన్ను?"

కవిటి వైపు ఇచ్చారట. టెక్కలి ఆసుపత్రికి వచ్చి తిరిగి వెళ్తున్నారు. ఎందుకొచ్చారని నేను అడగలేదు, ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఆ ఊళ్ళవాళ్ళని ఎవరూ అడగరు. పక్కనున్న కోడలికి నన్ను చూపించి, ఎంతో సంబరంగా చెప్పింది.

"సిన్నప్పుడు మేమిద్దరం ఒక్క నాటకంల ఏసాలు కట్టినామే. ఈవిడే రాణి. నాను సెలికత్తిని, నీళ్ళ సెంబు పట్టీదాన్ని."

కోడలు నా వైపు గౌరవంగా చూసింది. నేను తల ఊపాను. ఎవరూ అడక్కుండానే ఆమె నా పరువు కాచే అబద్ధం ఆడేసింది. గోరింటాకు పెట్టిన ఆ సాయంత్రం నేను ఆడవలసిన అబద్ధం అంతకంటే పెద్దదేం కాదు. పలాసలో దిగి, వెళ్ళొస్తానని కూడా అనకుండా నడిచి వచ్చేశాను.

సినిమా చూపించిన మర్నాడు క్లాసులో పుస్తకం తెరవలేదు. "నిన్న మీకు అబద్ధం చెప్పాను," అని మొదలుపెట్టి ఇదంతా చెప్పాను. కిటికీ సంగతి, బస్సు సంగతి దాచుకుందామనిపించింది గానీ అవీ చెప్పేశాను. ఈసారి చప్పట్లు లేవు. ముందు వరస అమ్మాయి లేచింది. వాళ్ళమ్మ కూడా జీడి పనికే వెళ్తుంది.

"ఆ ఒక్క సెయ్యీ పండిందా మేడమ్?"

"పండింది," అన్నాను. "స్టేజీ దిగుతూ కిటికీ చువ్వ మీద చూశాను. బాగా ఎర్రగా పండింది."

ఆ పిల్ల కూర్చుని, బల్ల మీద పెట్టుకున్న రెండు చేతులూ మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది.