ధాన్యం గదికి కిటికీ

ఇల్లు కట్టడమంటే ఇటుకా సిమెంటూ అనుకుంటారు గానీ, సగం ఇల్లు రబ్బరు ముక్కతోనే కట్టాల్సి వస్తుందని నాకు డిగ్రీ రెండో ఏడాదిలో తెలిసింది. ఆ రోజుల్లో (మరీ పాత సంగతేం కాదు, ఊళ్ళో సగం మంది చేతుల్లోకి టచ్ ఫోన్లు వచ్చేశాయి) గరివిడి దగ్గర మా ఊళ్ళో ఇంటి ప్లాను కోసం ఇంజనీరు దగ్గరకు వెళ్ళేవాళ్ళు తక్కువ. సిద్ధాంతి గారు వాస్తు ప్రకారం ఆయం లెక్కకట్టి ఇంటి బయటి పొడవూ వెడల్పూ చెప్పేవారు. వాటిని అంగుళం కూడా కదపకూడదు. లోపలి గదులు మేస్త్రీ నోటితోనే చెప్పేసేవాడు. మా నాన్న మాత్రం "సదువుకున్న పిల్ల ఇంట్లో ఉండగా నోటి లెక్కలేటి" అని గళ్ళ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను చదువుతున్నది చరిత్ర. ఆ మాట ఆయనకు గుర్తు చేసే ధైర్యం నాకు లేకపోయింది.

వెడల్పు ఇరవై ఎనిమిది అడుగులు. అందులోనే అందరి కోరికలూ పట్టాలి. నాన్నకు పదిమంది ఒకే బంతిలో కూర్చుని తినేంత హాలు కావాలి. అమ్మకు పొయ్యి దగ్గర నిలబడితే వీధి కనిపించాలి. మామ్మకైతే తన మంచం మీంచి గేటూ, వంటిల్లూ, పశువుల పాకా మూడూ ఒకేసారి కనబడాలి. (అలాంటి చోటు ఇంటి మీద తప్ప ఇంట్లో ఉండదు. ఆ మాటా అనలేదు.) గీయడం, చూపించడం, చెరపడం, మళ్ళీ గీయడం. ఏడో కాగితం నాటికి చెరిపిన చోట చిల్లులు పడ్డాయి. ఎవరి గది పెరిగినా ఎవరి గది తగ్గినా, ఒక మూల ఆరడుగుల గది మాత్రం ఏడు కాగితాల్లోనూ అలాగే ఉంది. దాని మీద అందంగా 'ధాన్యం గది' అని రాశాను.

అది ధాన్యానికి కాదు, నాకు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? మా ఇంట్లో గదులు వస్తువులకూ దేవుడికీ ఉండేవి గానీ మనుషులకు ఉండేవి కావు. మనుషులు నిద్ర ఎక్కడ వస్తే అక్కడ పడుకునేవారు. నా పుస్తకాలు బియ్యం డబ్బా మీద ఉండేవి. ఎవరికైనా బియ్యం కావలసినప్పుడల్లా అవి దిగి మంచం కిందికి వెళ్ళేవి. చదువుతుంటే "పుస్తకంలో ఏటున్నాదే" అని మామ్మ పేజీకోసారి అడిగేది. నాకొక తలుపు కావాలి, మూసుకోవడానికి. ఆ ముక్క నోట్లోంచి రాక, ధాన్యం పేరు పెట్టాను. ప్లాను చూస్తూ మామ్మ ఒకసారి అడిగింది కూడా.

"ధాన్యానికి కిటికీ ఎందుకే?"

"గాలాడకపోతే పురుగు పడతాది మామ్మా."

"సదువుకున్న పిల్ల కదా" అని నాన్న మురిసిపోయాడు. నాకు అన్నం సయించలేదు.

పునాది తవ్వే ముందు రోజు పొద్దున్న స్థలంలో ముగ్గు పోశారు. చెవి వెనక ఎప్పుడూ పెన్సిల్ ఉంటుందని పెన్సిల్ మేస్త్రీ అని పిలిచే ఆయన మేకులు కొట్టి, దారాలు లాగి, నా కాగితం చూసుకుంటూ సున్నం పోసుకుంటూ పోతున్నాడు. నేలమీద ఇల్లు తెల్లగా లేస్తుంటే గర్వంగానే ఉంది. కాసేపటికి ఒక సంగతి గమనించాను. నేను ఒక గీత గీసిన చోటల్లా ఆయన రెండు గీతలు పోస్తున్నాడు. రెండు గీతల మధ్య తొమ్మిది అంగుళాలు. అది గోడ. నా ప్లానులో హాలు పన్నెండు, పడకగది పది, ధాన్యం గది ఆరు, మొత్తం ఇరవై ఎనిమిది. లెక్క చక్కగా సరిపోయింది, గోడలు తప్ప. ఏడు కాగితాలు గీశాను, ఒక్కదాంట్లోనూ గోడలకు చోటివ్వలేదు. నాలుగు గోడలు, నాలుగు తొమ్మిదులు ముప్ఫై ఆరు, మూడడుగులు. మేస్త్రీ హాలు వైపు నుంచి వస్తున్నాడు. చిట్టచివర మిగిలింది నా మూలే.

"ఇదేటి పాపా, మూడడుగులే మిగిలినాది" అన్నాడు మేస్త్రీ కొలత టేపు పట్టుకుని. "బస్తా అడ్డంగా ఏస్తే మడిసి దూరడు, మడిసి దూరితే బస్తా పట్టదు."

నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బయట కొలత కదపకూడదు కదా. ఆ గది తీసీ. ధాన్యం పాకలో ఏసుకుందుం."

మేస్త్రీ వంగి, చేత్తో నా గీత చెరపడం మొదలుపెట్టాడు. మట్టిలో సున్నం కలిసిపోతోంది. రేపు తవ్వేస్తారు, ఆ తర్వాత నేను ఏ కాగితం గీసినా ఉపయోగం లేదు. ఉండబట్టలేక అనేశాను. "అది ధాన్యానికి కాదు నాన్నా."

"మరి దేనికి?"

"నాకు."

మేస్త్రీ చెయ్యి ఆగింది. అమ్మ నావైపు చూసింది, నేను మేకువైపు చూశాను. ముందు మామ్మే తేరుకుంది. "నీకా? కిటికీ లేకపోతే నీకు పురుగు పడతాదేటే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, ఏడుపొచ్చింది. అది చూసి నాన్న నవ్వు ఆపేశాడు. కాసేపు తన పదిమంది బంతిని చూసుకుంటూ నిలబడ్డాడు. "హాల్లోంచి ఒక అడుగు తీసీ. తొమ్మిదిమందిమే తింటాం, పదోవోడు ఆగుతాడు" అన్నాడు. మేస్త్రీ పెన్సిల్ తీసి, "లోపల గోడలు రెండూ సగం మందం చేద్దుం బావూ, ఇంకో ముప్పావడుగు వస్తాది" అన్నాడు. అలా నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు పోగైంది. కొత్త గీతలు పోశాక మేస్త్రీకి మళ్ళీ అనుమానం వచ్చింది, అందులో మంచం పట్టి పక్కన చోటు మిగులుతుందా అని.

"పడుకుని సూడే, తెలిసిపోతాది" అంది మామ్మ.

పడుకున్నాను. పట్టపగలు, నలుగురి మధ్య, మట్టిలో.

"ఉత్తరం తల పెట్టకే" అంది మళ్ళీ మామ్మే.

లేచి, తిరిగి పడుకున్నాను. ఇంతలో ప్రహరీ అవతల నుంచి పక్కింటి అత్త గొంతు, "ఏటయినాది వదినా, పిల్ల పడిపోయినాదేటి?"

"లేదే, గది కొలుస్తన్నాది" అంది అమ్మ, రోజూ జరిగేదే అన్నట్టు.

మంచం పట్టింది. తలుపు లోపలికి తెరిస్తే మంచానికి తగులుతుంది కాబట్టి బయటికి పెట్టారు. గోడ సగం మందమే కాబట్టి హాల్లో టీవీ మాటలన్నీ నా గదిలోనే పుట్టినట్టు వినబడతాయి. ఇరుకని నాకు శ్లాబు వేశాక గానీ తెలియలేదు. ముగ్గు గీతల మధ్య పడుకున్న ఆ కాసేపూ దానికి పైకప్పు లేదు, పైనున్న ఆకాశమంతా గదిలోదే. అంత పెద్ద గది నాకు మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు తలుచుకుని చూసుకుందామంటే, ఆనాటి ఆ పిల్ల సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుని పడుకుంది.