పేరు పెట్టి చేసిన ప్రార్థన

ఆ ఉదయం నా ఒంట్లో ఏ నలతా లేదు. ఎడమ చేతి చూపుడు వేలికి చురుక్కుమంది, అంతే. చూస్తే గ్లవ్ లోపల రక్తపు చుక్క.

నేను మద్దిలపాలెం దగ్గర ఒక నర్సింగ్‌హోంలో స్టాఫ్ నర్సుని. పదమూడేళ్ల సర్వీసు. ఆ రోజు ఫిషింగ్ హార్బర్ నుంచి ఒకాయన వచ్చాడు. మరపడవ మీద సరంగు, అంటే పడవ నడిపేవాడు. ఇనుప తాడు తగిలి కాలు కోసుకుపోయింది. కుట్లు వేసే ముందు షుగర్ టెస్టుకి రక్తం తీసి, సూదికి మళ్లీ మూత పెట్టబోయాను. అలా చేయకూడదని కొత్త నర్సులకు చెప్పేది నేనే. ఆ నిమిషంలో నా బుద్ధి ఏమైందో తెలియదు.

నా వేలు చూసి ఆయన ముఖం పాలిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు.

"సిస్టరమ్మా, నాకు హెచ్ఐవీ ఉంది. ఏడేళ్ల నుంచి మందులు మింగుతన్నాను. మా పడవోళ్లకి కూడా సెప్పనేదు. నీకు దాసకూడదు గదా. బేగి ఎల్లి మందేసుకో."

ఆయన చెప్పకపోతే నాకు తెలిసే దారే లేదు. కుట్లు వేయించుకుని వెళ్లిపోయేవాడు.

డ్యూటీ డాక్టరమ్మకు సంగతి చెబుతూ వేలు పిండుతుంటే ఆవిడ ఆపారు. "పిండకండి. సబ్బు, నీళ్లు చాలు. వైరస్ సోకకుండా ఆపే పెప్ మాత్ర ఎంత తొందరగా పడితే అంత మంచిది. డెబ్భై రెండు గంటలు దాటితే లాభం లేదు." తలుపు దగ్గరగా వేసి ఇంకో మాట కూడా అన్నారు. "ఆయన స్టేటస్ మీ దగ్గరా, చికిత్స చేసే డాక్టర్ల దగ్గరా ఆగిపోవాలి. చట్టం కూడా అదే చెబుతోంది." సరే మేడమ్ అన్నాను.

ఆయన తన మందుల పుస్తకం కూడా నా చేతికిచ్చి పంపాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మొదటి మాత్ర మింగించి, బేస్‌లైన్ టెస్ట్ చేశారు. నెగటివ్. "ఇది సూది గుచ్చుకోకముందు సంగతే చెబుతుంది," అన్నారు కౌన్సెలర్. "ఆయన వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్, పరీక్షకి కనిపించనంత తక్కువుంది. మీకు రిస్క్ చాలా తక్కువ. అయినా ఇరవై ఎనిమిది రోజులు ఒక్క మాత్ర మానకూడదు. ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి మళ్లీ టెస్ట్. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి."

ఈ మాటలు నేను ఎందరికో చెప్పినవే. నాకు చెబుతుంటే ఒక్కటీ బుర్రకెక్కలేదు. మా చర్చివాళ్లు ఎవరైనా చూస్తారేమోనని చున్నీ ముఖానికి చుట్టుకుని వరుసలో నిలబడ్డాను.

మాత్రలతో వికారం, తలపోటు, నిద్ర పట్టకపోవడం. మా ఆయనకు చెబితే కుర్చీలో కూలబడి, "పాపకి ముద్దు పెట్టొచ్చా మరి?" అని అడిగాడు. నర్సుతో పదకొండేళ్లు కాపురం చేసిన మనిషి. ముద్దుతో రాదని, ఒకే కంచంలో తింటే రాదని చెప్పాను. చెబుతూనే నా గ్లాసు విడిగా పెట్టుకున్నాను.

రెండో వారం శుక్రవారం మా వీధి ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన జరిగింది. అక్కడ ఒక్కొక్కరం మా ప్రార్థన అంశం పైకి చెబుతాం. నా కోసం ప్రార్థించమని అడగాలని నోటిదాకా వచ్చింది. సిగ్గేసింది. "మా ఆసుపత్రికి వచ్చిన ఒకాయన కోసం ప్రార్థించండి," అన్నాను.

"పేరు సెప్పమ్మా, పేరెట్టి అడుగుదాం," అంది పెద్దావిడ. "జబ్బేటి?"

చెప్పాను. పేరు, జబ్బు, హార్బర్, అన్నీ. వాళ్లు మోకాళ్ల మీద ఆయన పేరు పలుకుతుంటే, ఆ పేరు చాటున నా కోసం నేను ఏడ్చుకున్నాను. తేలికపడి ఇంటికొచ్చాను. తప్పు చేశానని తోచనే లేదు.

ఆరు వారాల టెస్ట్ నెగటివ్. రిపోర్టు బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి వచ్చేసరికి ఆ సరంగు గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"టెస్టు ఏటొచ్చిందమ్మా?"

"నెగటివ్ బాబాయ్."

"ఇంక నాకు బెంగ నేదు. అదడగడానికే వచ్చినాను."

"వేటకి వెళ్లలేదా?"

"పడవెక్కనివ్వట్నేదమ్మా. పది దినాలు ఒకే కుండలో తినాల, నీతో ఎలాగ అంటన్నారు. ఎక్కడో ప్రేయరులో నా పేరు సదివారంట. నాను సెప్పింది నీకొక్కదానికే గదా."

నన్ను నిలదీయడం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు. సూది దిగిన రోజు కూడా నేను అంత అదిరిపోలేదు.

"నేనే చెప్పాను బాబాయ్," అన్నాను.

ఆయన మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. "నీ పేరు కూడా సెప్పినావా?" అని అడిగాడు.

లేదన్నాను. తల ఊపి, కుంటుకుంటూ బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

జరిగింది డాక్టరమ్మకు రాసిచ్చాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. ఆయన ఒప్పుకున్నాక కౌన్సెలర్ వెళ్లి పడవ ఓనరుతో మాట్లాడారు. ఓనరు సరే అన్నా పడవలో పనిచేసే కళాసీలు పడనివ్వలేదు. ఆయన ఇప్పుడు ఒడ్డున వలలు బాగుచేస్తున్నాడు. నాతో మాట్లాడడు. మాట్లాడాలని కోరే ముఖం నాకు లేదు.

ఆ తర్వాతి శుక్రవారం ప్రార్థనలో లేచి నిలబడి, సూది గుచ్చుకున్నది నాకని, మందులు మింగింది నేనని చెప్పాను. పక్కన కూర్చున్నావిడ చాప కాస్త అవతలికి జరుపుకుంది. ఆ పడవ మీద ఆయనకు ఏమనిపించి ఉంటుందో అప్పుడు తెలిసింది.

నా ఆరు నెలల టెస్ట్ కూడా నెగటివ్. డ్యూటీ చేస్తున్నాను, పాపతో ఒకే కంచంలో తింటున్నాను. చదివేవారికి ఒక్కటే చెబుతాను. సూది గుచ్చుకుంటే పిండకండి, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి, సబ్బుతో కడిగి ఆ గంటలోనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. అక్కడ మీకు తెలిసిన పేరును మాత్రం ప్రార్థనలో కూడా పైకి అనకండి. వినే దేవుడికి అది ముందే తెలుసు.

ఇందులో ఆయన పేరు ఎక్కడా రాయలేదు. కొన్ని గుర్తులు కూడా మార్చాను. నా పేరు ప్రమీల.